పర్లాకిమిడిలో ‘డెలివర్డ్’ అని పడింది, చీర రాలేదు: సమాధానం

ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న చీర ఇంకా అందలేదు, యాప్‌లో మాత్రం నాలుగు రోజుల కిందటే ‘డెలివర్డ్’ అని చూపిస్తోందన్నారు కదండీ, అయితే చీర వేరే చిరునామాకో, పక్కన ఏ కొట్లోనో చేరి ఉంటుంది.

1. ముందు ఆర్డర్‌లో చిరునామా పిన్‌కోడ్ చూడండి. పర్లాకిమిడి ఉన్న మన గజపతి జిల్లాది (ఒడిశా) 76తో మొదలవుతుంది. 53 ఉంటే అది పాతపట్నం వైపు, ఆంధ్రాది.

2. చాలామంది వదిలేసేది ఇదే: డెలివరీ రుజువు అడగాలి. ఫోన్‌లో కాదు, యాప్ చాట్‌లో రాసి అడగండి. ఎన్ని గంటలకు ఇచ్చారు? ఎవరి చేతికి? ఓటీపీ తీసుకున్నారా? ఫొటో ఉందా? చెల్లి లంగావోణీ కోసం వారం పాటు ఫోన్లే చేశాను, ఎవరూ పట్టించుకోలేదు. చాట్‌లో ఫొటో అడిగితే అందులో ఉన్నది మా గుమ్మమే కాదు! డబ్బు వెనక్కి వచ్చింది. చాట్ స్క్రీన్‌షాట్లు దాచుకోండి.

3. తేలకపోతే ఆ అమ్మకాల సంస్థ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు (ఫిర్యాదులు చూసే అధికారికి) రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అప్పటికీ కాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ఈసారి ఆర్డర్‌కి వీధి గుర్తుతో పాటు రాష్ట్రం ‘ఒడిశా’ అని సరిచూసుకోండి. పార్సిల్ చేతిలో పడే దాకా ఓటీపీ ఎవరికీ చెప్పకండి.