మేనల్లుడికి, పూల నీడ గడియారం విషయమై

చి. అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

పాత పార్కులో పూల నీడ గడియారం పని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వు వాట్సాప్‌లో పంపిన బొమ్మ చూశాను. అందంగానే ఉంది గానీ అది ఇంగ్లండు తోటది. దాన్ని విజయనగరంలో ఉన్నదున్నట్టు దించితే నవ్వులపాలవుతావు. నేనయ్యాను కాబట్టి చెబుతున్నాను. పనిచేసిన బళ్ళో పుస్తకంలోని బొమ్మ చూసి కట్టించాను. మధ్యాహ్నం సరిగ్గానే చూపించేది, మిగతా గంటలన్నీ అడ్డదిడ్డం. పిల్లలు దానికి ‘మాస్టారి పన్నెండు’ అని పేరు పెట్టారు.

తప్పు నీడ పడేసే ముల్లులో ఉంది. అది నిటారుగా నిలబడకూడదు. దక్షిణాన నేలకి ఆని, ఉత్తరానికి ఏటవాలుగా, ఊరి అక్షాంశమెంతో అంత కోణంలో లేవాలి. లండన్‌కి 51 డిగ్రీలు దాటుతుంది, మనకి 18 మాత్రమే. అంటే పదడుగుల పొడవుకి మూడడుగుల మూడంగుళాల ఎత్తు. పిల్లలు జారే బల్లలా కనిపిస్తుంది. ఇంత పొట్టిదేంటని ఎవరైనా అంటే అననీ.

ఇక గంటల గీతలు. ఇవి సమానమైన ఎడంతో రావు. ముల్లు పాదం నుంచి పదడుగుల దూరంలో 11కీ 12కీ మధ్య జానెడు చోటే ఉంటుంది. అదే సాయంత్రం 5కీ 6కీ మధ్య ఏడడుగులు! మధ్యాహ్నం గంటలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, కాబట్టి అక్కడ బంతీ చామంతీ పెట్టావంటే గీతలు మాయం. గీతలకి కడప రాయి బద్దలు పాతించు. వాటి మధ్య గడ్డిగులాబీలాంటి నేలబారు మొక్కలే వెయ్యి. మొక్క అరడుగు పెరిగిందంటే నీడ దాని నెత్తిన పడుతుంది, గీత మీద పడదు. వారానికోసారి కత్తిరించే మనిషి లేకపోతే ఈ పని ఒప్పుకోకు. వెడల్పాటి 5-6 చోట మాత్రం అంచున చంద్రకాంత వేసుకో, ఇంచుమించు ఆ వేళకే విచ్చుకుంటుంది. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ 1751లో ఏ పువ్వు ఏ గంటకి విచ్చుకుంటుందో పట్టిక రాశాడు గానీ, అవి స్వీడన్ పూలు, మనకి అక్కరకు రావు.

ఉత్తర దిక్కుకి ఫోన్లో దిక్సూచిని నమ్మకు. పక్కన ఇనప గ్రిల్లుంటే అది తప్పు చూపిస్తుంది. మన పెద్దల శంకువు పద్ధతి చాలు. చదునైన నేల మీద నిటారుగా ఒక కర్ర పాతి, దాని చుట్టూ తాడుతో గుండ్రం గియ్యి. పొద్దున్న నీడ కొన గుండ్రాన్ని తాకినచోట ఒక మేకు, మధ్యాహ్నం తరవాత మళ్ళీ తాకినచోట ఒక మేకు. రెండూ కలిపితే తూర్పు పడమరలు, ఆ గీతకి నిలువుగా ఇంకోటి గీస్తే ఉత్తర దక్షిణాలు. డిసెంబరు నెలాఖరున చెయ్యి, ఆకాశం తేటగా ఉంటుంది. మే నడిమి నుంచి జులై ఆఖరు దాకా మన ఊళ్ళో మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఉత్తరానికి వచ్చేస్తాడు, కర్ర నీడ దక్షిణానికి పడి నిన్ను కంగారు పెడుతుంది.

గంటస్తంభం గడియారంతో కలవట్లేదని జనం తప్పకుండా అంటారు. కలవదు మరి. దేశమంతటి గడియారాలకీ లెక్కకట్టే 82.5 డిగ్రీల రేఖాంశానికి మనం కాస్త తూర్పున ఉన్నాం కాబట్టి మూడున్నర నిమిషాల తేడా ఎప్పుడూ ఉంటుంది. దానికి తోడు సూర్యుడి నడక ఏడాది పొడుగునా ఒక్కలా ఉండదు. నీడలో పన్నెండయ్యేసరికి నవంబరు మొదట్లో చేతి వాచీలో 11:40, ఫిబ్రవరి మధ్యలో 12:10. నెలవారీ తేడాలు ఒక చిన్న బోర్డు మీద రాయించి పక్కన పెట్టు. సగం గొడవ తీరిపోతుంది.

వీలుచూసుకుని అన్నవరం కొండ మీద నీడ గడియారం చూసిరా. ఒక రోజంతా వెదురుబద్దతో నీడలు గుర్తుపెట్టి చూసుకున్నాకే కడియం నర్సరీకి లారీ మాట్లాడు.

మీ మావయ్య