పక్క గదిలోంచి అత్తగారి ఫోన్

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. నాకు 36 ఏళ్లు. మా వారు మిర్చి యార్డులో గుమాస్తా. పాప ఏడో తరగతి, బాబు మూడు. అత్తగారు మాతోనే ఉంటారు. రాత్రి పదిన్నరకి అందరూ పడుకున్నాక ఫోన్ పట్టుకుంటే ఒంటిగంట దాకా రీల్స్ చూస్తూనే ఉంటాను. పొద్దున లేవలేను, పిల్లల మీద అరుస్తాను. మూడుసార్లు ఆ యాప్ తీసేసి మళ్లీ వేసుకున్నాను. 21 రోజుల ఛాలెంజ్ అని ఇంకో యాప్‌లో చేరి తొమ్మిదో రోజు ఆపేశాను. చిన్నప్పుడు ఏడేళ్లు సంగీతం నేర్చుకున్నాను, వర్ణాల దాకా వచ్చాను. ఐదున్నర శ్రుతికి పాడేదాన్ని. పెళ్లయిన ఈ 13 ఏళ్లలో నోరు తెరవలేదు. మళ్లీ మొదలుపెట్టాలని ఉంది. మొన్న అత్తగారు మంచినీళ్ల కోసం పిలిస్తే నాకు వినపడలేదు. ఆవిడ పక్క గదిలోంచి నాకు ఫోన్ చేసి అడిగారు! మా వారు విని ముందు నవ్వారు, తర్వాత ‘ఇది అమ్మేసి బటన్ల ఫోన్ కొనిస్తా’ అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. నన్నేం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. గొడవ పెట్టుకోలేదు, నలుగురిలో చెప్పి నవ్వలేదు. మీరు ఎక్కడ ఉన్నారో అక్కడికే వచ్చి పిలిచారు. ఆవిడ చేసిన పనిలో మీకు పనికొచ్చే ఉపాయం ఒకటుంది, తర్వాత చెబుతాను.

బటన్ల ఫోన్ సంగతి వదిలేయండి. పిల్లల స్కూలు మెసేజీలు, కిరాణా కొట్లో చెల్లింపులు అన్నీ ఇప్పుడు ఈ ఫోన్ మీదే నడుస్తున్నాయి. పది రోజుల్లో స్మార్ట్‌ఫోన్ మళ్లీ ఇంట్లోకి వస్తుంది, వచ్చేటప్పుడు మీ మీద ఇంకో ఓటమి మోసుకొస్తుంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ పదిన్నర. యార్డులో పనిచేసేవాళ్ల ఇళ్లు నాకు తెలుసు. సీజన్లో ఆయన ఇంటికి వచ్చేసరికి ఎంత పొద్దుపోతుందో, ఆ చొక్కా గుమ్మంలో దులిపితే ఇంటిల్లిపాదికీ ఎలా తుమ్ములొస్తాయో, ఆ బట్టలు విడిగా నానబెట్టే పని ఎవరి మీద పడుతుందో ఊహించగలను. రోజు మొత్తంలో మిమ్మల్ని ఎవరూ పిలవని సమయం ఒక్క పదిన్నర తర్వాతే. మీరు మేలుకుంటున్నది రీల్స్ కోసం కాదమ్మా, ఆ సమయం కోసం. అది వదులుకోబుద్ధి కాక నిద్రని వదులుకుంటున్నారు. యాప్ తీసేసిన మూడుసార్లూ చేతిలోది పోయింది గానీ దాని బదులు ఏమీ రాలేదు. ఖాళీ చెయ్యి మళ్లీ ఫోన్‌నే వెతుక్కుంది.

సిగ్గు కూడా కాస్త తగ్గించుకోండి. మన అమ్మలు వారపత్రికలో సీరియల్ చదివేవాళ్లు గుర్తుందా? ఎంత ఉత్కంఠగా ఉన్నా అడుగున ‘సశేషం’ అని ఉండేది. పత్రిక మూసి వంటింట్లోకి వెళ్లేవాళ్లు. రీల్స్‌కి సశేషం లేదు. కిందకి జరిపేకొద్దీ పేజీ దానంతట అదే పెరుగుతూ పోయే పద్ధతిని 2006లో అజా రాస్కిన్ అనే అమెరికన్ తయారు చేశాడు. దాని వల్ల జనం ఎంత కాలం పోగొట్టుకుంటున్నారో చూసి తర్వాత ఆయనే బాధపడ్డాడు. దానికి తోడు తొమ్మిది చప్పటి వీడియోల తర్వాత ఒకటి భలే ఉంటుంది. ఏది బాగుంటుందో ముందు తెలియదు. పేకాటలో ఇంకో ముక్క తీస్తే జోకర్ పడుతుందేమో అన్న ఆశ లాంటిదే ఇది. దాంతో మనోబలం ఒక్కటీ పెట్టుకుని అర్ధరాత్రి పోరాడితే గెలవడం కష్టం. పోరాటం పొద్దున పెట్టుకుందాం.

మీరు పొయ్యి మీద పాలు పెట్టే వేళ ఉంది కదా, ప్యాకెట్ కత్తిరించి గిన్నెలో పోసి వెలిగించినప్పటి నుంచి పొంగు వచ్చేదాకా. అది మీ సంగీతం క్లాసు. ఫోన్‌లో తంబూరా యాప్ ఒకటి వేసుకోండి. నెట్ లేకుండా మోగేది చూసి ఎంచుకోండి, అది ముఖ్యం. గిన్నె పెట్టగానే ముందు ఫోన్‌లో విమానం బొమ్మ నొక్కండి. ఇక ఏ మెసేజీ రాదు. తర్వాత తంబూరా పెట్టి, ఫోన్‌ని ఉప్పు డబ్బాకి ఆనించి, చేతులు ఖాళీగా ఉంచుకుని స-ప-స పాడండి. గొంతు నిలిచాక మాయామాళవగౌళ రాగంలో మొదటి సరళీ వరస, రెండు కాలాల్లో, అంటే ముందు మెల్లగా, తర్వాత రెట్టింపు వేగంతో. వర్ణం జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. పాలు పొంగగానే ఆపేయాలి, ఇంకా పాడాలనిపించినా సరే ఆపేయాలి. రేపటికి కాస్త ఆకలి మిగలాలి.

రిమైండర్ పెట్టుకోవచ్చు కదా అంటారేమో. రిమైండర్‌ని బొటనవేలితో పక్కకి తోసేస్తాం, పదిసార్లు తోశాక అది కంటికే ఆనదు. పాలని అలా తోయలేరు. అవి రోజూ వస్తాయి, చూడకపోతే పొంగి స్టవ్వంతా పాడు చేస్తాయి. ఎలాగూ చేసే పనికి కొత్త పనిని ముడేస్తే గుర్తుపెట్టుకునే బరువు తగ్గుతుంది.

తొమ్మిదో రోజు ఆపేశానని రాశారు. ఆ 21 అనే అంకె 1960లో ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ రాసిన పుస్తకంలోంచి బయల్దేరి ఇప్పటికీ ఊళ్లు తిరుగుతోంది. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని తీసుకుని, వాళ్లు ఎంచుకున్న చిన్న అలవాట్లని 12 వారాలు గమనించింది. అలవాటు కుదురుకోవడానికి మధ్యస్థంగా పట్టిన కాలం 66 రోజులు. ఆ 12 వారాల తీరుని బట్టి ముందుకి లెక్క కట్టి చూస్తే ఒకరికి 18 రోజులైతే ఇంకొకరికి 254. మధ్యలో ఒక రోజు తప్పితే మొత్తం పాడైపోలేదని కూడా అందులోనే తేలింది. కాబట్టి తొమ్మిదో రోజున మీకేమీ కాలేదు. ఒకరోజు తప్పినందుకు ‘మీ వరస తెగిపోయింది’ అని ఆ యాప్ మొహం మీద చెబితే, దానికి బెదిరి మానేశారు. అంతే అయి ఉంటుంది.

నాదీ ఒక కథ. ఆమధ్య అడుగులు లెక్కపెట్టే యాప్ వేసుకున్నాను. రోజుకి పది వేలు అని గురి. రాత్రి పదకొండుకి ఆరేడు వందలు తక్కువైతే హాలుకీ వంటింటికీ మధ్య తచ్చాడేదాన్ని. మా వారు ‘నీకు నడకా, దానికి లెక్కా?’ అనేవారు. తర్వాత తెలిసింది, ఆ పది వేలన్నది ఏ వైద్యుడూ రాసిచ్చిన మోతాదు కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక పరికరం పేరు. మన్‌పో-కెయ్, అంటే పది వేల అడుగుల మీటరు. యాప్ తీసేశాను, నడక మిగిలింది. మంచి అలవాటు నేర్పుతానని వచ్చి తనకే అలవాటు చేసుకునే యాప్‌లు ఉంటాయి, వాటిని అనుమానించండి.

సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ ఉంటుంది (ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్). రీల్స్ యాప్‌కి రోజుకి 40 నిమిషాలు టైమర్ పెట్టండి. దాన్ని మళ్లీ తీసేయడం మీ చేతిలోనే ఉంటుంది, నిజమే. కానీ తీయడానికి నాలుగు నొక్కులు పడతాయి, ఆ నాలుగు నొక్కుల్లో మనిషికి తెలివి వస్తుంది. ఆ 40 నిమిషాలూ మధ్యాహ్నం భోజనాలయ్యాక, కుర్చీలో కూర్చుని చూడండి, దొంగతనంగా కాదు. పూర్తిగా మానేస్తానని ఒట్లు పెట్టుకోవద్దు. ఛార్జర్‌ని మాత్రం ఈ రోజే పడకగదిలోంచి హాల్లోకి మార్చేయండి, అలారానికి ఒక మామూలు గడియారం కొనుక్కోండి.

ఇక అత్తగారి ఉపాయం. ఫోన్ మోగితే ఎత్తారు కదా? మోగాల్సింది అదొక్కటే. ఇంట్లోవాళ్ల కాల్స్, స్కూలు నంబరు తప్ప మిగతావాటన్నిటి నోరు కట్టేయండి. గ్రూపులూ, ఆఫర్లూ మీకు వీలైనప్పుడు మీరే వెళ్లి చూసుకుంటారు. ఆవిడకి మాత్రం ఇకముందు కూడా పక్క గదిలోంచి ఫోన్ చేసే హక్కు ఉండనివ్వండి.

మీ వారితో మాట్లాడేటప్పుడు ఫోన్ గురించి మాట్లాడొద్దు, అది వాదనకి పోతుంది. సమయం అడగండి. బాబుని పడుకోబెట్టడం, పాలు తోడు పెట్టడం ఆయన చేస్తే తొమ్మిదిన్నర నుంచి పది దాకా అరగంట మీది. సీజన్లో ఆయనకి కుదరకపోవచ్చు, అప్పుడు పాప సాయం పడుతుంది. ఆ అరగంట పట్టపగలంత హక్కుగా దొరికితే ఒంటిగంట దాకా మేలుకోవాల్సిన పని ఉండదు. ఒక సాయంత్రం ఇద్దరూ కూర్చుని ఇద్దరి ఫోన్లలో లెక్క చూసుకోవడం కూడా మంచిదే. ఆయన లెక్క ఎంత వచ్చినా మీరు నవ్వకూడదు, అది షరతు.

ఫోన్ హాల్లో ఉన్నా రెండు వారాలు దాటి నిద్ర పట్టకపోతే, ఊరికే ఏడుపు వస్తుంటే మాత్రం అది అలవాటు సంగతి కాదు, డాక్టర్‌కి చూపించుకోండి. 14416కి ఫోన్ చేసినా మాట్లాడతారు. అది ప్రభుత్వం వారి టెలీ మానస్, డబ్బు పడదు.

ఆదివారం ఆదివారం రెండు నిమిషాలు పాడి ఫోన్‌లోనే రికార్డు చేసి దాచుకోండి. స్టేటస్‌లో పెట్టొద్దు, కనీసం ఈ ఆరు నెలలు. పెడితే ఎవరు చూశారో చూడటానికి మళ్లీ ఫోన్ తెరుస్తారు. కీర్తనల దాకా వచ్చాక మీ ఊళ్లోనే బృందావన్ గార్డెన్స్ వెంకటేశ్వరస్వామి గుడి ఆవరణలో అన్నమయ్య గ్రంథాలయం ఉంది, ఒకసారి అత్తగారిని కూడా తీసుకుని వెళ్లండి.

కొన్ని తంబూరా యాప్‌లు శ్రుతిని అంకెల్లో చూపించవు, ఇంగ్లీషు అక్షరాల్లో చూపిస్తాయి. ఐదున్నర అంటే జీ షార్ప్, ఐదు జీ, నాలుగున్నర ఎఫ్ షార్ప్. పదమూడేళ్ల తర్వాత మీ గొంతు ఐదున్నరకి అందకపోవచ్చు. మొదటి వారం నాలుగున్నరకి పెట్టి పాడండి, పై షడ్జం, అంటే పై ‘స’ దగ్గర అరవాల్సి వస్తే ఇంకో అర దించండి.