సీఎస్ఈ వదిలేస్తే పెట్టిన డబ్బు పోయినట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి సీఎస్ఈ చదువుతోంది. మొదటి సంవత్సరం అయిపోయింది, మూడు బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయి. ఇప్పుడు అది మానేసి ఇక్కడే బీకాంలో చేరి, సీఏ చదువుతానంటోంది. ఇంజనీరింగ్‌కు ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి 1.9 లక్షలు. తొలి ఏడాది మొత్తం బ్యాంకు లోనే, 10 శాతం వడ్డీ. బీకాం ఫీజు ఏడాదికి 25 వేలు, సీఏ కోచింగ్‌కు 80 వేలు అంటున్నారు. కట్టిందంతా బూడిదలో పోసిన పన్నీరేనా? 5 లక్షల చిట్టీ ఉంది, ఇప్పుడు పాడితే 4 లక్షలు వస్తాయి. లోన్ తీర్చేయమంటారా? - ఒక తండ్రి, వరంగల్

జవాబు: కట్టిన 1.9 లక్షలు అమ్మాయి కొనసాగినా రావు, మానేసినా రావు. కాబట్టి వాటిని లెక్కలోంచి తీసేయండి. చూడాల్సింది ఇకమీద పెట్టబోయేది. బీటెక్ పూర్తిచేయాలంటే ఇంకా 5.7 లక్షలు కావాలి. ఇంటి దగ్గర ఉండి బీకాం, సీఏ కోచింగ్ అంటే 1.55 లక్షలు, రిజిస్ట్రేషన్లు, పుస్తకాలు కలుపుకున్నా 2 లక్షలు అనుకుందాం. డబ్బు వరకే చూస్తే మారడమే చవక. సీఎస్ఈ సీటు వదులుకున్నారా అని చుట్టాలు అడుగుతారు, నిజమే. ఫీజు కట్టేది వాళ్లు కాదు కదా.

నాకు అనుమానం ఉన్నది వేరేచోట. అమ్మాయి అకౌంట్స్ మీద ఇష్టంతో వెళ్తోందా, కోడింగ్ తప్పించుకోవడానికి వెళ్తోందా? ఆ మూడు బ్యాక్‌లాగ్‌లు ఏ సబ్జెక్టుల్లోనో చూడండి. లెక్కల్లో అయితే, సీఏ తొలి దశ అయిన ఫౌండేషన్‌లోనూ బిజినెస్ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, లాజికల్ రీజనింగ్ కలిపి ఒక పేపర్ ఉంటుంది. సీఏ పరీక్షలు పెట్టే ఐసీఏఐ వెబ్‌సైట్‌లో ఫౌండేషన్ మెటీరియల్ ఉచితంగానే దొరుకుతుంది. ఒక రెండు వారాలు అకౌంటింగ్ పుస్తకం పట్టుకుని కూర్చోమనండి. జర్నల్ ఎంట్రీలు, ట్రయల్ బ్యాలెన్స్ తనంతట తాను చేసి, తేడా ఎక్కడ వచ్చిందో వెతకడానికి విసుక్కోకపోతే నేనైతే మారమనే చెబుతాను. సీఏ ఇన్నేళ్లలో అయిపోతుందని ఎవరూ మాట ఇవ్వలేరు. అది పూర్తికాకపోయినా చేతిలో బీకాం ఉంటుంది, కానీ మొదటి జీతం చిన్నదే. ఇది ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి.

రెండు వారాల తర్వాత మనసు మారి బీటెక్‌లోనే ఉంటానన్నా నష్టమేమీ లేదు. బీటెక్ 60 శాతంతో పూర్తిచేసినవాళ్లు ఫౌండేషన్ రాయకుండా నేరుగా సీఏ రెండో దశ అయిన ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు. ఆ దారి మూసుకుపోదు.

మారాలనే నిర్ణయించుకుంటే రెండో ఏడాది ఫీజు కట్టకముందే తేల్చుకోండి. ముందు దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల్లో) డిగ్రీ సీటు ఖాయం చేసుకుని, తర్వాతే ఇంజనీరింగ్ సీటు రద్దు చేసుకోండి. అసలు తలనొప్పి ఒరిజినల్స్ దగ్గర వస్తుంది. కౌంటర్లో అడిగితే "మిగతా మూడేళ్ల ఫీజు కట్టి మెమోలు, టీసీ తీసుకెళ్లండి" అనే కాలేజీలు ఉన్నాయి. ఇంజనీరింగ్ కాలేజీలను నియంత్రించే ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం మానేసిన విద్యార్థిని తర్వాతి సంవత్సరాల ఫీజు అడగకూడదు, సర్టిఫికెట్లు ఆపి ఉంచకూడదు. నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. మాట వినకపోతే ఏఐసీటీఈకి ఫిర్యాదు చేయండి. ఆ కాపీ అప్పుడు పనికొస్తుంది.

లోన్ సంగతి. విద్యారుణం ఫలానా కోర్సుకని ఇచ్చింది. కోర్సు మానేస్తే మిగతా వాయిదాలు విడుదల కావు, చదువు అయ్యేదాకా ఇచ్చిన గడువూ ఉండకపోవచ్చు. కేంద్ర వడ్డీ రాయితీ కింద ఉన్నట్లయితే, అనారోగ్యం కాకుండా వేరే కారణంతో మధ్యలో మానేసినవారికి అది ఆగిపోతుంది. బ్యాంకుకు చెప్పకుండా ఊరుకోవద్దు. మేనేజర్‌ను కలిసి, కట్టగలిగినంత నెలవాయిదా పెట్టమని మీరే అడగండి.

చిట్టీ మాత్రం ఇప్పుడు పాడొద్దు. 1.9 లక్షల మీద వడ్డీ ఏడాదికి 19 వేలు, అంటే నెలకు 1,600 కూడా లేదు. దానికోసం ఒక్కసారే లక్ష వదులుకోవడమెందుకు? హాస్టల్ ఖర్చు ఎలాగూ మిగులుతోంది కదా, అందులోంచి నెలకు 5 వేలు లోన్‌కు కడుతూ వెళ్లండి. నాలుగేళ్ల లోపే తీరిపోతుంది.