ఆ డాక్టరు మాట మార్చు

విజయనగరం

తల్లీ,

నీ కథ రెండుసార్లు చదివాను. సంత సీను బాగుంది. ఆసుపత్రి సీను దగ్గర మాత్రం కోపం వచ్చింది. కీళ్లవాతం జ్వరంతో పిల్ల గుండె వాల్వు పాడైందని చెప్పి, "జన్యువుల్లోనే ఉందమ్మా, తలరాత" అని డాక్టరు చేత అనిపించావు. తల్లి కూలబడిపోయింది. కథ అక్కడే ఆపేశావు. ఆ తల్లి మీద అంత నేరం ఎలా మోపావు?

మా అప్పకి, అంటే అక్కకి, పదేళ్లప్పుడు గొంతునొప్పి వచ్చింది. మిరియాల కషాయంతో తగ్గిందనుకున్నాం. మూడు వారాలకి మోకాళ్లు వాచాయి. బొబ్బిలి నుంచి విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి తీసుకెళ్లేసరికి గుండె ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వు దెబ్బతినేసింది. బంధువొకాయన "మీ వంశంలోనే ఉంది" అన్నాడు. అమ్మ తను పోయేదాకా ఆ మాట మోసింది.

జన్యువులంటున్నావు, ఏ జన్యువులు? ఈ జ్వరంలో వాల్వుని దెబ్బతీసేవాటిలో ముఖ్యమైనవి టి కణాలు, అంటే క్రిముల్ని గుర్తుపట్టే ఒక రకం తెల్ల రక్తకణాలు. వాటి మీద ఉండి ఆ గుర్తుపట్టే పని చేసేది రిసెప్టర్. ఆ రిసెప్టర్ జన్యువులు ఏడో క్రోమోజోమ్ మీద, పద్నాలుగో దాని మీద ముక్కలుగా ఉంటాయి. ఛాతీలోని థైమస్ గ్రంథిలో ఒక్కో కణం తన ముక్కలు తానే ఏరి కలుపుకుంటుంది. క్రిములకి అంటుకునే ప్రోటీన్లున్నాయే, ఆ యాంటీబాడీల విషయంలో ఇలాంటి కలయికని కనిపెట్టినందుకే సుసుము టోనెగావాకి 1987లో నోబెల్ ఇచ్చారు. అంటే ఆ రిసెప్టర్ అమ్మ నుంచి అలాగే దిగిరాదు, బిడ్డ ఒంట్లో తయారవుతుంది. అమ్మానాన్నల నుంచి నేరుగా వచ్చేవి హెచ్ఎల్ఏ జన్యువులు. గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ క్రిమి మీది ఎం ప్రోటీన్ ముక్కని టి కణానికి పట్టి చూపించేది వాటి ప్రోటీన్లే. వాటిలో కొన్ని రకాలతో ముప్పు పెరుగుతుంది, కాదనను. ఆ ముక్కని గుర్తుపట్టిన టి కణాల్లో కొన్ని గుండె కండరంలోని మయోసిన్ అనే ప్రోటీన్‌ని కూడా అదేననుకుని వాల్వులోకి దూరతాయి. అచ్చం ఒకేలా ఉండే కవలల్లో సైతం, ఒకరికి ఈ జ్వరం వస్తే రెండోవారికీ వచ్చే అవకాశం సుమారు 44 శాతమే. దీన్ని తలరాత అంటావా?

నేనిదంతా రాసి పంపితే ఒక వారపత్రిక ఎడిటరు రిసెప్టర్ల భాగం మొత్తం కోసేసి "శరీర సైన్యం తిరుగుబాటు" అని హెడ్డింగ్ పెట్టాడు. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు. సైన్యం అంటే చదివేవాళ్లకి ఏం తెలుస్తుంది? ఏది దేన్ని తాకిందో రాయాలి.

ఆ క్రిమి గొంతులో ఉండగానే పెన్సిలిన్ పడితే ఈ జ్వరాన్ని ఆపొచ్చు. వచ్చాక, మళ్లీ రాకుండా 21 రోజులకోసారి ఇంజక్షన్. మా ఇంట్లో ఆ తేదీకి కేలెండరు మీద సున్నా చుట్టేది అమ్మే.

ఏ పత్రికకి పంపాలని అడిగావు. అది తర్వాత. ముందు ఆ సీను తిరగరాయి. తల్లి "నా వల్లేనా డాక్టరుగారూ?" అని అడగాలి. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని జవాబు చెప్పాలి.