ఎన్నికలప్పుడు న్యూస్ ఛానళ్లు చూడటం మానేసినవాళ్లు ఉన్నారా? ఎందుకు మానేశారు?

2024 ఏప్రిల్‌లో మానేశాను. మళ్లీ పెట్టలేదు.

ఇక్కడ చాలామంది "ఈ ఛానల్ వాళ్లది, ఆ ఛానల్ వీళ్లది, నిజం ఎవరూ చెప్పరు" అని రాశారు. నా కారణం అది కాదు. తెలుగు పత్రికలు ఒక పక్షం పట్టడం కొత్తేమీ కాదు. విశాలాంధ్ర, ప్రజాశక్తి కమ్యూనిస్టు పార్టీల పత్రికలని కొనేవాళ్లకు తెలుసు, తెలిసే చదువుతారు. పక్షం ఉన్నా పరవాలేదు, అబద్ధం చెప్పకపోతే చాలు అనుకునే మనిషిని నేను. నేను మానేసింది ఒకే ఒక్క విషయానికి. ఏ పార్టీతోనూ సంబంధం లేని మామూలు మనుషుల మొహాలు తెచ్చి, వాటితో అవతలి పార్టీని కొడుతున్నారు. మా ఇంట్లో మనిషికే అది జరిగింది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మా పెద్దమ్మది అప్పటి ప్రకాశం జిల్లాలో కనిగిరి వైపు ఒక పల్లె. పెదనాన్న పోయాక వితంతు పింఛను వస్తోంది. అప్పట్లో నెలకు 3,000 రూపాయలు. ఒకటో తారీఖు పొద్దున్నే ప్రభుత్వం పెట్టిన గ్రామ వాలంటీరు ఇంటికొచ్చి వేలిముద్ర వేయించుకుని ఇచ్చి వెళ్లేవాడు. మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. మార్చి 30న ఎన్నికల సంఘం వాలంటీర్లతో డబ్బు పంపిణీ చేయించొద్దని ఆదేశించింది. దాంతో ఏప్రిల్ పింఛను మూడో తారీఖు నుంచి గ్రామ సచివాలయాల దగ్గర ఇవ్వడం మొదలుపెట్టారు. మంచంలో ఉన్నవాళ్లకు, వికలాంగులకు మాత్రం ఇంటికే ఇస్తామన్నారు. మిగతావాళ్లు ఎండలో నడిచి వెళ్లాల్సిందే. ఇది ఎవరి తప్పు అన్నదాని మీద రెండు పక్షాలూ వారం రోజులు అరుచుకున్నాయి. ఒకళ్లేమో వాలంటీర్లను ఆపించింది ప్రతిపక్షమే అన్నారు, ఇంకొకళ్లేమో ఇంతమంది సచివాలయ ఉద్యోగులుండగా కావాలనే ఇంటికి పంపలేదన్నారు. ఆ వాదన జోలికి నేను పోను.

పెద్దమ్మ పక్కింటావిడతో కలిసి వెళ్లింది. అక్కడ వేపచెట్టు కింద జనం, మంచినీళ్ల డ్రమ్ము ఖాళీ, లోపల సర్వర్ పనిచేయడం లేదన్నారు. మధ్యాహ్నానికి పెద్దమ్మకు కళ్లు తిరిగాయి. పక్కింటావిడ ఒళ్లో తల పెట్టుకుని, కొంగుతో విసిరి, మొహం మీద నీళ్లు చల్లింది. కాసేపటికి లేచి కూర్చుంది. అంతే జరిగింది. ఎండలో పొద్దుటినుంచి ఏమీ తినకుండా కూర్చుంటే ఎవరికైనా అలాగే అవుతుంది.

సరిగ్గా అప్పుడే ఒక కుర్రాడు లోగో ఉన్న మైకు పట్టుకుని వచ్చాడు. ఫోన్లో తీస్తూ "అవ్వా, ఈ కష్టం ఎవరివల్ల వచ్చింది?" అని అడిగాడు. పెద్దమ్మ చెప్పింది ఇది: "ఎవురివల్లయితే నాకేంది నాయనా? ఇంటికి తెచ్చిచ్చేవాళ్లు, ఇప్పుడు రమ్మన్నారు. ఇంత నీడ ఏసి నాలుగు కుర్చీలు ఏస్తే సరిపోయేది కదా." ఆ కుర్రాడు మళ్లీ మళ్లీ అడిగాడట, ఒక నాయకుడి పేరు చెప్పమన్నట్టు. ఆవిడ చెప్పలేదు.

సాయంత్రం ఆ క్లిప్ ఒక ఛానల్లో వచ్చింది. నీడ, కుర్చీల మాట కోసేశారు. "ఇంటికి తెచ్చిచ్చేవాళ్లు" దగ్గర ఆపి, కింద ఎర్ర అక్షరాలతో ప్రతిపక్షం అవ్వల ఉసురు పోసుకుంటోందని వేశారు. రాత్రికి అదే క్లిప్ ఇంకో ఛానల్లో తేలింది. అక్కడ "ఇప్పుడు రమ్మన్నారు" అన్న ముక్క మాత్రమే ఉంది, ప్రభుత్వం వృద్ధులను కావాలని ఏడిపిస్తోందని శీర్షిక. ఒకే మనిషి, ఒకే చెట్టు, ఒకే చీర. రెండు చోట్లా ఆవిడ అడిగిన కుర్చీ మాత్రం లేదు.

మర్నాడు ఇంకా ఘోరం. పెద్దమ్మ కళ్లు మూసుకుని పడుకున్న ఫొటో తీసి, ఒక యూట్యూబ్ ఛానల్ వాడు థంబ్‌నెయిల్ మీద "పింఛను కోసం వెళ్లి వృద్ధురాలు మృతి" అని పెట్టాడు. ఆ ఏప్రిల్లో పింఛను కోసం వెళ్లిన కొందరు వృద్ధులు చనిపోయినట్టు వార్తలు వస్తున్నాయి, కాబట్టి చూసినవాళ్లెవరికీ అనుమానం రాలేదు. బెంగళూరులో ఉన్న మా అన్నకు ఆఫీసులో ఎవరో ఆ లింకు పంపారు. వాడు వణికిపోతూ నాకు ఫోన్ చేశాడు. పెద్దమ్మ ఫోన్ ఎత్తదు, ఛార్జింగ్ ఉండదు, చెవి కూడా సరిగా వినపడదు. ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. చివరికి ఊళ్లో చిల్లర కొట్టు అతనికి చేస్తే, పరిగెత్తి వెళ్లి ఫోన్ ఆవిడ చేతికిచ్చాడు. పెద్దమ్మ అన్నం తింటోంది. "నేను చచ్చిపోయానని ఎవురు చెప్పారు మీకు?" అని అడిగింది. మా అన్న ఏడ్చేశాడు.

అక్కడితో ఆగినా మర్చిపోయేవాణ్ణి. ఆవిడ బతికే ఉందని తెలిశాక అవతలి పక్షం వాట్సాప్ గ్రూపులు మొదలుపెట్టాయి. "ఈమె పెయిడ్ ఆర్టిస్టు. డబ్బులిచ్చి పడుకోబెట్టారు" అని, ఆ ఫొటో చుట్టూ ఎర్ర గీత గీసి తిప్పారు. జీవితంలో ఒకరి దగ్గర రూపాయి ఊరికే తీసుకోని మనిషి ఆవిడ. ఊళ్లో రెండు వర్గాలున్నాయి. అప్పటిదాకా పెద్దమ్మ రెండు వీధుల్లోనూ పేరంటాలకు వెళ్లేది. ఆ తర్వాత ఒక వీధిలో "నువ్వు ఎంత తీసుకున్నావు పెద్దమ్మా?" అని ముఖం మీదే అడిగారు. ఎన్నికలు అయిపోయేదాకా ఆవిడ రామాలయంలో భజనకు కూడా పోలేదు.

నేను ఆ మొదటి ఛానల్ జిల్లా డెస్క్‌కు ఫోన్ చేశాను. పూర్తి వీడియో వేయమన్నాను, లేకపోతే తీసేయమన్నాను. "ఎలక్షన్ టైమ్ కదండీ, అర్థం చేసుకోండి" అని పెట్టేశారు. రెండో ఛానల్ వాళ్లు అసలు మాట్లాడలేదు.

ఆ మైకు కుర్రాడి మీద నాకు కోపం లేదు. ఇది నేను గట్టిగా నమ్మే మాట: మన మీడియా రోగం స్టూడియోలో యాంకర్ల అరుపుల్లో లేదు, మండల స్థాయిలో ఉంది. మా మండలంలో నాకు తెలిసిన విలేకరి ఒకడు ఏళ్ల తరబడి జీతం లేకుండా పనిచేస్తున్నాడు. పత్రికలో రాస్తే లైన్ అకౌంట్ కింద, అంటే అచ్చయిన వార్త పొడవును బట్టి, వచ్చే డబ్బు పెట్రోలుకు చాలదు. టీవీ అయితే అదీ లేదు, మైకు లోగో కోసం ఎదురు డిపాజిట్ కట్టించుకున్నారు. పైగా సంక్రాంతికి, నాయకుల పుట్టినరోజులకు యాడ్స్ తెమ్మని టార్గెట్. ఆ యాడ్ ఇచ్చేది ఎవరు? ఊళ్లో పార్టీ నాయకుడే. అలాంటప్పుడు వాడు మా పెద్దమ్మ నోటి నుంచి ఎవరి పేరు రావాలని కోరుకుంటాడో చెప్పక్కర్లేదు. పెట్రోలు డబ్బులు కూడా ఇవ్వని యాజమాన్యానికి నిజం తెచ్చిపెట్టే ఓపిక ఎవరికుంటుంది?

ఇది పైవాళ్లకు తెలియక కాదు. 2009 ఎన్నికల తర్వాత పెయిడ్ న్యూస్ మీద, పత్రికల తీరు చూసే ప్రెస్ కౌన్సిల్ ఒక ఉపసంఘం వేసింది. అందులో మన తెలుగు సంపాదకుడు కె. శ్రీనివాస్ రెడ్డి గారు కూడా ఉన్నారు. డబ్బు తీసుకుని వార్తలు రాసిన పత్రికల పేర్లతో సహా రాశారు. 2010లో కౌన్సిల్ ఆ పూర్తి నివేదికను పక్కనపెట్టి ఒక చిన్న సారాంశం విడుదల చేసింది. సమాచార హక్కు కింద కొట్లాడితే 2011లో గానీ పూర్తిది బయటకు రాలేదు. సొంత ఉపసంఘం రాసిందాన్నే దాచుకున్న సంస్థ మా పెద్దమ్మకు ఏం న్యాయం చేస్తుంది? అసలు దాని పరిధి పత్రికల వరకే, టీవీలు దాని కిందకి రావు. పత్రికనైనా మందలించగలదు తప్ప జరిమానా వేయలేదు.

చట్టం చదివితే ఇంకా బాధేస్తుంది. అభ్యర్థి వ్యక్తిత్వం మీద పోటీలో ఉన్న ఇంకో అభ్యర్థి తెలిసి అబద్ధం ప్రచారం చేస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 123(4) కింద అది అవినీతి చర్య, గెలిచిన ఎన్నికే రద్దు కావచ్చు. గోడమీద అంటించే కరపత్రానికి కూడా ముద్రించినవాడి పేరు, ప్రచురించినవాడి పేరు ఉండి తీరాలి. ప్రతి జిల్లాలో ఎంసీఎంసీ అని మీడియా కమిటీ ఉంటుంది, అభ్యర్థుల టీవీ ప్రకటనలకు అనుమతి, పెయిడ్ న్యూస్ లెక్క దాని పని. అన్నీ అభ్యర్థుల చుట్టూనే. ఓటు వేసే మనిషి పరువు తీస్తే పరువునష్టం కేసు వేసుకోమంటారు. నడవలేని ముసలావిడ కోర్టుల చుట్టూ తిరగాలా?

పత్రికలు ఎప్పుడూ ఇలాగే ఉన్నాయంటే ఒప్పుకోను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు, వాళ్ల మాటలు వాళ్ల మాటలుగానే అచ్చయ్యాయి. ఈనాడు రోజూ ఒక పేజీ ఇచ్చింది. అందులో రాజకీయం లేదని అనను, కానీ ఆ ఆడవాళ్లు ఏం అడుగుతున్నారో చదివినవాడికి అర్థమయ్యేది. సారా ఆపమన్నారు, ఆగింది. పెద్దమ్మ అడిగింది నీడ, కుర్చీ. ఆ మాట అలాగే వేసి ఉంటే మర్నాడు ఏ ఎంపీడీవో అయినా టెంటు వేయించేవాడు.

ఏం చూస్తున్నారని అడుగుతారేమో, అదీ చెప్తాను. ఎవరు ఏ నియోజకవర్గంలో నిలబడ్డారో, వాళ్ల కేసులు, ఆస్తులు ఏమిటో ఎన్నికల సంఘం సైట్‌లో అఫిడవిట్లు ఉంటాయి, అవి చదువుతాను. ఎగ్జిట్ పోల్స్ అసలు చూడను. జూన్ 1 సాయంత్రం కొన్ని సర్వేలు ఒకరిని, కొన్ని ఇంకొకరిని గెలిపించాయి. నాలుగో తారీఖున 175 అసెంబ్లీ సీట్లలో 164 ఒకవైపు, 11 ఒకవైపు వచ్చాయి.

నా డిమాండ్ ఒక్కటే. ఎంసీఎంసీకి మామూలు మనిషి కూడా ఫిర్యాదు చేసుకునే వీలుండాలి. తప్పని తేలితే అదే ఛానల్లో, అదే సమయానికి, అంతే పెద్ద అక్షరాలతో, పోలింగ్ లోపే సవరణ వేయించాలి. పోలింగ్ అయ్యాక వేసే సవరణ ఎవరికీ అక్కర్లేదు. మా పెద్దమ్మకైతే అదీ రాలేదు. ఆ యూట్యూబ్ వీడియో ఇప్పటికీ ఉంది, థంబ్‌నెయిల్ మీద "మృతి" అనే ఉంది. నేను రిపోర్ట్ కొడుతూనే ఉన్నాను. ఇది చదివినవాళ్లకు ఎక్కడైనా కనపడితే మీరూ కొట్టండి.