ఒడిస్సీకి టైమింగ్ బెల్ట్, వాటర్ పంప్ ఇంట్లోనే మార్చుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. 2008 హోండా ఒడిస్సీ సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, 1,12,000 మైళ్ళు తిరిగింది. టైమింగ్ బెల్ట్ మార్చినట్టు పాత ఓనర్ దగ్గర కాగితం ఏదీ లేదు. షాపువాళ్ళు 1,300 డాలర్లు అడుగుతున్నారు. ఇంట్లో చేసుకోవచ్చా, వాటర్ పంప్ కారడం లేదు కాబట్టి దాన్ని వదిలేయొచ్చా అని అడిగారు.

చేసుకోవచ్చు. పంప్‌ని మాత్రం వదలొద్దు. కాగితం లేదంటే బెల్ట్ మార్చలేదనే లెక్క.

నాది 2007 ఒడిస్సీ, అదే 3.5 లీటర్ల వి6. 1,08,000 మైళ్ళ దగ్గర డాలస్ పక్కన మా గ్యారేజీలో మార్చాను. అంతకుముందు నాకొచ్చిన పని ఆయిల్ మార్చడం, బ్రేక్ ప్యాడ్లు మార్చడం, అంతే. అప్పుడు నాన్న మా ఇంటికి వచ్చి ఉన్నారు. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ముందు కవర్ విప్పగానే టార్చ్ వేసి చూసి, "మా లేలాండ్ బండ్లకి గేర్లే రా. ఇంత ఇంజన్ని రబ్బరు ముక్క మీద నడుపుతున్నారా వీళ్ళు!" అన్నారు. నిజంగా అంతే. కింద క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే పైన క్యామ్‌లు (వాల్వుల్ని తెరిచే ఇరుసులు) ఒక చుట్టు తిరగాలి, ఆ లెక్క తప్పకుండా చూసేది ఈ బెల్టే. ఈ ఇంజన్లో అది తెగితే తెరుచుకుని ఉన్న వాల్వుల్ని పిస్టన్ వచ్చి కొడుతుంది. అప్పుడు అది బెల్ట్ ఖర్చు కాదు, ఇంజన్ ఖర్చు.

మీ బండిలో మెయింటెనెన్స్ మైండర్ (సర్వీస్ ఎప్పుడో డాష్‌బోర్డ్ మీద గుర్తుచేసేది) 4 అనే కోడ్ చూపించినప్పుడు బెల్ట్ మార్చాలి. మామూలు వాడకంలో అది లక్ష మైళ్ళు దాటాక వస్తుంది. 110 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటే ఎండలో ఎప్పుడూ తిరిగే బండైతే 60,000 మైళ్ళకే మార్చమని హోండా చెప్తుంది. మైళ్ళు తక్కువైనా రబ్బరుకి వయసు వస్తుంది. మీ బండి రెండు లెక్కల్లోనూ దాటిపోయింది. పని అయ్యేదాకా హైవే ఎక్కకండి.

పంప్ సంగతి. ఈ ఇంజన్లో వాటర్ పంప్‌ని తిప్పేది కూడా టైమింగ్ బెల్టే. అది రెండు క్యామ్ పుల్లీల మధ్యలో, అదే కవర్ లోపల కూర్చుని ఉంటుంది. కొత్త బెల్ట్ వేసి పాత పంప్ ఉంచితే, ఇంకో 30,000 మైళ్ళకి దాని సీల్ పోయిందనుకోండి, కూలెంట్ నేరుగా కొత్త బెల్ట్ మీద కారుతుంది. బేరింగ్ పట్టేస్తే బెల్ట్ పళ్ళు ఊడతాయి. అప్పుడు ఇదే పని మొత్తం మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి. నా పంప్ కూడా పైకి బాగానే కనిపించింది. తీశాక చూస్తే కింది చిన్న రంధ్రం చుట్టూ ఉప్పు పేరుకున్నట్టు నీలంగా ఎండిపోయిన చార ఉంది. చేత్తో తిప్పితే ఇసుక నలిగినట్టు అనిపించింది. పాత బెల్ట్ మాత్రం నిగనిగలాడుతూ ఉంది, ఒక్క పగులు లేదు. మా ఆవిడ రెండూ చూసి "ఇది బాగానే ఉంది కదా, ఎందుకు తీశారు?" అంది. బెల్ట్ బలమంతా లోపలి దారాల్లో ఉంటుంది, పైకి చూసి చెప్పలేం. ఇది చెప్తే ఆమె పెద్దగా నమ్మలేదు.

సామాను విషయంలో పొదుపు చేయకండి. బెల్ట్, దాన్ని బిగువుగా పట్టి ఉంచే హైడ్రాలిక్ టెన్షనర్, రెండు పుల్లీలు, వాటర్ పంప్ అన్నీ కలిపి ఐసిన్ వాళ్ళ కిట్ వస్తుంది. నేను అదే వేశాను, 200 డాలర్ల చిల్లర పడింది. పేరులేని కిట్లు ఆన్‌లైన్లో సగం ధరకి దొరుకుతాయి. అలాంటి టెన్షనర్ ఆయిల్ కారి వదులైపోతే బెల్ట్ పన్ను జారుతుంది. ఐసిన్ పేరుతో నకిలీవి కూడా తిరుగుతున్నాయి కాబట్టి తెలిసిన షాపులోనే కొనండి. కూలెంట్ హోండా టైప్ 2, నీలం రంగుది. అది ముందే కలిపి వస్తుంది, అందులో నీళ్ళు పోయకూడదు.

ఇక పని. ముందు బ్యాటరీ తీసేసి, బండిని జాక్ స్టాండ్ల మీద నిలబెట్టి, కుడి ముందు చక్రం విప్పాలి. ఒట్టి జాక్ మీద ఉన్న బండి కిందికి చెయ్యి కూడా పెట్టకండి. చక్రం లోపలి ప్లాస్టిక్ షీల్డ్, బయటి బెల్ట్, డిప్‌స్టిక్ గొట్టం, పై కవర్లు అన్నీ 10 ఎంఎం, 12 ఎంఎం పానాలతో వచ్చేస్తాయి. విప్పిన బోల్టుల్ని ఏ కవర్‌వి ఆ కవర్ పేరు రాసిన ప్లాస్టిక్ డబ్బాల్లో వేసుకోండి. పొడవులు వేరు వేరు.

అసలు కథ క్రాంక్ పుల్లీ బోల్ట్ దగ్గర. 19 ఎంఎం బోల్ట్ ఒక్కటే, కానీ పాత హోండాలున్న వాళ్ళందరూ దీన్ని తిట్టుకునే ఉంటారు. నా బ్యాటరీ ఇంపాక్ట్ గన్ పది నిమిషాలు టకటకలాడింది, బోల్ట్ వెంట్రుకవాసి కదల్లేదు. ఆటోజోన్, ఓరైలీ లాంటి షాపులు డిపాజిట్ తీసుకుని పనిముట్లు అరువిస్తాయి. పుల్లీ మధ్యలో 50 ఎంఎం ఆరు పలకల గుంట ఉంటుంది, అందులో కూర్చునే హోల్డర్ తెచ్చుకోండి. నేను దాని కాడని నేలకి ఆనేలా పెట్టాను. సాకెట్‌కి పొడవాటి ఎక్స్‌టెన్షన్ పెట్టి చక్రం గూడు బయటికి తెచ్చి, దాని కొస కిందికి వంగకుండా ఇంకో జాక్ స్టాండ్ మీద ఆనించాను. ఆ పైన రెండడుగుల బ్రేకర్ బార్ (గట్టి బోల్టులు వదిలించే పొడుగు కడ్డీ), దానికి జాక్ పిడి గొట్టం తొడిగితే మొత్తం నాలుగున్నర అడుగులైంది. మా బావమరిది, నేను కలిసి మెల్లిగా బరువు వేశాం. తుపాకీ పేలినట్టు 'ఠాప్' అని చప్పుడైంది. బోల్ట్ విరిగిందనే అనుకున్నాను, కాళ్ళలో వణుకు వచ్చింది. విరగలేదు, వదిలింది. ఆ ఒక్కదానికే మాకు గంటన్నర పట్టింది. స్టార్టర్ కొట్టి వదిలించే చిట్కా కొందరు చెప్తారు. ఆ బార్ ఎగిరి ఎవరి మీద పడుతుందో తెలీదు, దాని జోలికి పోకండి.

ఆ తర్వాత గుర్తులు. క్రాంక్ స్ప్రాకెట్ పన్ను మీద చిన్న చుక్క ఉంటుంది, అది ఆయిల్ పంప్ మీది బాణానికి ఎదురుగా రావాలి. పైన రెండు క్యామ్ పుల్లీల మీది గుర్తులు వెనక కవర్ మీది గుర్తులకి సరిపోవాలి. ఇంజన్ని ఎప్పుడూ సవ్యదిశలోనే తిప్పండి. మూడూ కలిశాక నాన్న ఒక మాట చెప్పారు: "పాత బెల్ట్ తీయకముందే దాని మీద, పుల్లీల మీద తెల్ల పెయింట్ చుక్క పెట్టరా." మూడు చోట్లా పెయింట్ పెన్‌తో పెట్టాను. తర్వాత పాత బెల్ట్, కొత్త బెల్ట్ పక్కపక్కన పెట్టి, పళ్ళు లెక్కపెట్టి, ఆ చుక్కల్ని కొత్తదాని మీదికి ఎక్కించాను. ఇది మాన్యువల్లో లేదు, కానీ నన్ను కాపాడింది ఇదే.

మాన్యువల్లో ఉన్న తమాషా ఇంకోటి. బ్యాటరీని పట్టి ఉంచే పొడవాటి బోల్ట్ ఉంటుంది కదా, దాని కొస కొంచెం అరగదీసి, టెన్షనర్ పక్కనున్న రంధ్రంలో చేత్తో బిగిస్తే టెన్షనర్ ఎక్కడున్నది అక్కడే ఆగిపోతుంది. ఇది మన జుగాడ్ కాదు, హోండావాళ్ళే చెప్పిన పద్ధతి. తర్వాత ఆయిల్ పాన్ కింద చెక్క ముక్క వేసి జాక్‌తో ఇంజన్ బరువు పట్టుకుని, ఆ వైపు మౌంట్ విప్పితే బెల్ట్ బయటికొస్తుంది. బెల్ట్ తీయగానే ఒక క్యామ్ పుల్లీ 'టక్' అని కొంచెం జరిగింది. భయపడొద్దు, వాల్వ్ స్ప్రింగులు నెట్టడం వల్ల అలా అవుతుంది. పానాతో నెమ్మదిగా గుర్తు దగ్గరికి తెచ్చుకోవచ్చు.

పంప్‌కి ఉన్నవి 5 చిన్న బోల్టులు. రేడియేటర్ ముందే ఖాళీ చేసినా, పంప్ ఊడగానే ఇంజన్ లోపల మిగిలిన కూలెంట్ బకెట్ తప్పి నేల మీద పడుతుంది. కింద పెద్ద ట్రే పెట్టండి. అది తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకితే చచ్చిపోతాయి, వెంటనే కడిగేయండి. పంప్ కూర్చునే చోటు గుడ్డతో శుభ్రంగా తుడిచి, కొత్త ఓ-రింగ్ గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో చూసి బిగించండి. ఆ బోల్టులకి కావలసింది 8.7 పౌండ్-అడుగులే, మణికట్టు బలం చాలు. అల్యూమినియంలో మర పోయిందంటే ఏడుపే. అక్కడుండగానే క్రాంక్ సీల్ దగ్గర ఆయిల్ తడి ఉందేమో చూడండి, ఉంటే ఇప్పుడే మార్చేయాలి.

కొత్త టెన్షనర్‌ని నొక్కి పట్టి ఉంచే పిన్ తీయకుండానే బిగించి, బెల్ట్ చుట్టాలి. వరస ఇది: క్రాంక్, ఐడ్లర్ పుల్లీ, ముందు క్యామ్, వాటర్ పంప్, వెనక క్యామ్, చివర టెన్షనర్ పుల్లీ. వదులు అంతా టెన్షనర్ వైపే మిగలాలి. నేను తప్పు చేసింది ఇక్కడే. క్రాంక్‌కీ ముందు క్యామ్‌కీ మధ్య బెల్ట్ కొంచెం వదులుగా ఉండిపోయింది, చూసుకోకుండా పిన్ లాగేశాను. చేత్తో ఆరు చుట్లు తిప్పి చూస్తే ముందు క్యామ్ గుర్తు ఒక పన్ను పక్కకి ఉంది. "అంత చిన్న తేడాకి ఏమవుతుందిలే" అని ఒక్క క్షణం నాకూ అనిపించింది, అప్పటికి సాయంత్రం ఆరయింది మరి. నాన్న ఏమీ అనలేదు, టార్చ్ ఆపి స్టూల్ మీద కూర్చున్నారు. మళ్ళీ విప్పాను. పిన్ లాగేసిన టెన్షనర్‌ని నిలువుగా పెట్టి, వైస్‌లో చాలా నెమ్మదిగా నొక్కి, రంధ్రాలు కలిశాక సన్నటి ఆలెన్ కీ దూర్చాలి. మా ఇంట్లో వైస్ లేదు. పక్కింటాయన దగ్గరికి వెళ్ళి, ఆయన కబుర్లు విని, పని చేయించుకుని వచ్చేసరికి రెండు గంటలు పోయాయి. మీరు మాత్రం పిన్ లాగేముందు మూడు గుర్తులూ రెండుసార్లు చూసుకుని, ఫోన్‌తో ఫోటో తీసుకుని, అప్పుడు లాగండి.

లాగాక మళ్ళీ చేత్తో ఐదారు చుట్లు తిప్పి గుర్తులు చూడాల్సిందే. తిప్పేటప్పుడు ఎక్కడైనా గట్టిగా ఆగితే బలం పెట్టకండి, లోపల వాల్వ్ తగులుతోందని అర్థం. క్రాంక్ బోల్ట్ బిగింపు మోడల్ ఇయర్‌ని బట్టి మారుతుంది. కొన్నింటికి 181 పౌండ్-అడుగులు, కొన్నింటికి ముందు 47 బిగించి తర్వాత ఇంకో 60 డిగ్రీలు. మీ ఇయర్‌కి సర్వీస్ మాన్యువల్లో ఏముందో చూసి అలాగే చేయండి, నా అంకె కాపీ కొట్టొద్దు.

కూలెంట్ పోశాక గాలి బయటికి పోవడానికి ఓపిక కావాలి. ఒడిస్సీలో వెనక సీట్లకి కూడా హీటర్ ఉంది కాబట్టి గొట్టాలు పొడుగు. ముందూ వెనకా హీటర్ ఫుల్ వేడిలో పెట్టి, రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగేదాకా ఇంజన్ నడపండి. ఇంజన్ చల్లారాక మూత తీసి చూస్తే మట్టం తగ్గి ఉంటుంది, నింపండి. నాకు మూడో రోజు కూడా అర లీటరు పట్టింది.

నాకు శనివారం పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళకి అయింది. పనిముట్లతో కలిపి ఖర్చు 300 డాలర్ల లోపే. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క బండే అయి, సోమవారం ఆఫీసుకి అందులోనే వెళ్ళాలంటే మాత్రం ఈ పని పెట్టుకోకండి, తొందరలోనే పన్ను తప్పుతుంది. ఆ 1,300 ఇచ్చేయండి, కానీ టెన్షనర్, పుల్లీలు, పంప్ కూడా కొత్తవి వేస్తున్నారా అని ముందే రాయించుకోండి. వట్టి బెల్ట్‌కే ధర చెప్పే షాపులున్నాయి. హెచ్ఓఏ (కాలనీ నియమాలు చూసే ఇళ్ళ యజమానుల సంఘం) ఉన్న కాలనీ అయితే డ్రైవ్‌వేలో కాకుండా గ్యారేజీ లోపల చేసుకోండి. జాక్ స్టాండ్ల మీద బండి కనిపిస్తే ఉత్తరం వచ్చేస్తుంది. ఇండియా నుంచి ఇది చదువుతున్నవాళ్ళకి, మీ బండికి ఉన్నది బెల్టో, చైనో ముందు కనుక్కోండి. పాత మారుతి 800, శాంత్రోలకి బెల్ట్, స్విఫ్ట్ 1.3 డీజిల్‌కి చైన్. అక్కడ లేబర్ ఖర్చు తక్కువే, కాబట్టి నేనైతే సామాను నేనే కొనిచ్చి మెకానిక్ పక్కన నిలబడతాను.

ఇంకొక్కటి. బ్యాటరీ తీయకముందే గ్లవ్ బాక్స్‌లో రేడియో కోడ్ స్టిక్కర్ ఉందేమో చూసుకోండి. నేను చూసుకోలేదు. బండి స్టార్టయింది, చప్పుడు లేకుండా నడిచింది, పాట మాత్రం రాలేదు. పిల్లలకి అదే పెద్ద రిపేరు.