చెల్లి మాత్ర అక్కకు పనికిరాదు
మీ ప్రశ్నలకు జవాబులు: ఈస్ట్రోజెన్ మందులు

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. పోయిన ఏడు గర్భసంచి తీసేశారు. అప్పటి నుంచి ఉన్నట్టుండి ముఖమంతా సెగ కమ్మి చెమట్లు పోస్తాయి, రాత్రిళ్లు నిద్ర లేదు, కీళ్లు పట్టేస్తున్నాయి. డాక్టరమ్మ ఎస్ట్రాడయోల్ వేలరేట్ 2 మి.గ్రా. రోజుకొకటి రాశారు. క్యాన్సర్ వస్తుందని పక్కింటివాళ్లు అంటే మానేశాను. మా అక్కకు 51. ముట్లాగి ఏడాదయింది, ఆమెకూ ఇవే సెగలు. మిగిలిన మాత్రలు ఆమెకు ఇచ్చేదా?
— పాఠకురాలు, పలమనేరు

జవాబు: ముందు ఆపరేషన్ నాటి డిశ్చార్జి కాగితం బయటికి తీయండమ్మా. గర్భసంచి ఒక్కటే తీశారా, రెండు అండాశయాలూ తీశారా అన్నది అందులో ఉంటుంది. 'బైలేటరల్ ఊఫరెక్టమీ' అనో, బి.ఎస్.ఓ. అనో రాసి ఉంటే రెండూ తీసేసినట్టే. మీరు చెప్పే బాధలు చూస్తే అలాగే అనిపిస్తోంది. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ముందు వరుసలో ఉంది. కానీ అండాశయాలు ఉన్నాయో పోయాయో వాళ్లలో చాలామందికి ఎవరూ విడమరచి చెప్పరు. అదే మా బాధ.

మీకు రాసిన మాత్రలో ఉన్నది ఈస్ట్రోజెన్, అండాశయాల్లో తయారయ్యే ఆడ హార్మోను. మామూలుగా ముట్లాగేటప్పుడు అది కొన్నేళ్ల మీద మెల్లగా తగ్గుతుంది. అండాశయాలు తీసేస్తే ఒక్క పూటలో పోతుంది. ఇంత చిన్న వయసులో పోయినదాన్ని అలాగే వదిలేస్తే సెగలతో ఆగదు. ఎముకలు పలచబడతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. అందుకే, వద్దనడానికి వేరే కారణం లేకపోతే, కనీసం 50, 51 ఏళ్ల వరకు ఈస్ట్రోజెన్ వాడమంటారు. మీ వయసుకు ఒంట్లో ఉండాల్సినదాన్నే తిరిగి ఇస్తున్నారు, అదనంగా ఏమీ పోయడం లేదు.

క్యాన్సర్ భయం 2002లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద పరిశోధనతో మొదలైంది. అందులో చేరినవాళ్ల సగటు వయసు 63. రొమ్ము క్యాన్సర్ పెరిగింది ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్ హార్మోనులా పనిచేసే మందు) కూడా వాడినవాళ్లలో. గర్భసంచి లేక ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడినవాళ్ల ఫలితాలు 2004లో వచ్చాయి. వాళ్లలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు, పక్షవాతం ముప్పు మాత్రం కొంత పెరిగింది. 60 దాటినవాళ్ల లెక్కను 39 ఏళ్ల మీకు అంటగట్టడం సరికాదు. అయితే రొమ్ము క్యాన్సర్, కాళ్లలోగానీ ఊపిరితిత్తుల్లోగానీ రక్తం గడ్డకట్టడం, కాలేయ జబ్బు మీకు ఎప్పుడైనా వచ్చి ఉంటే డాక్టరమ్మకు చెప్పకుండా మళ్లీ మొదలుపెట్టకండి.

మాత్ర రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. వికారంగా ఉంటే రాత్రి అన్నం తిన్నాక వేసుకోండి. మొదటి నెల రొమ్ములు సలుపుతాయి, తర్వాత తగ్గుతుంది. సెగలు రెండు మూడు వారాల్లో తగ్గుముఖం పడతాయి, పూర్తి గుణం తెలియడానికి మూడు నెలలు పడుతుంది. వారం వాడి 'పనిచేయలేదు' అని మానేస్తే మందుకు అవకాశమే ఇవ్వనట్టు. బీపీ, అధిక బరువు ఉన్నవాళ్లకు, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు ఎక్కువగా ఉన్నవాళ్లకు మాత్ర కన్నా చర్మానికి రాసే జెల్ మేలు. మింగిన మాత్ర ముందుగా కాలేయానికి చేరి, రక్తం గడ్డకట్టించే పదార్థాలను పెంచుతుంది. జెల్ నేరుగా రక్తంలో కలుస్తుంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. జెల్‌ను భుజానికో తొడకో పలుచగా రాసి ఆరనివ్వాలి, వెంటనే చేతులు కడుక్కోవాలి. రొమ్ముల మీద రాయకూడదు, రాసిన చోటు చంటిపిల్లలకు తగలనివ్వకూడదు.

ఇక మీ అక్క సంగతి. ఆ మాత్రలు ఆమెకు ఇవ్వకండి. ఆమెకు గర్భసంచి ఉంది. ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే గర్భసంచి లోపలి పొర మందంగా పెరుగుతూ పోతుంది, కొందరిలో అదే క్యాన్సర్‌కు దారితీస్తుంది. ఆ పొరను అదుపులో ఉంచడానికి ప్రొజెస్టిరాన్ తోడు ఉండి తీరాలి. నెలకు 12 రోజులు రాత్రిపూట 200 మి.గ్రా. ఇవ్వడం ఒక పద్ధతి, అలా వాడితే నెలనెలా కొంచెం బ్లీడింగ్ అవుతుంది. రోజూ 100 మి.గ్రా. ఇవ్వడం రెండోది. ముట్లాగి ఏడాదయినవాళ్లకు ఇదే ఎక్కువగా రాస్తారు. దీంతో మత్తుగా ఉంటుంది, అందుకే పడుకోబోయే ముందు వేసుకోవాలి. 60 లోపు, లేదా ముట్లాగిన పదేళ్ల లోపు మొదలుపెడితే చాలామందికి లాభమే ఎక్కువ. బీపీ, షుగర్, రొమ్ము పరీక్షలు చేయించుకుని ఆమె మందు ఆమె రాయించుకోవాలి.

ప్రశ్న: నా వయసు 58. ఏడాదిలో నాలుగుసార్లు మూత్రంలో మంట వచ్చింది, ప్రతిసారీ యాంటీబయాటిక్ వాడాను. డాక్టరు ఎస్ట్రియోల్ క్రీము రాశారు. వారం పైపైన రాసి, గుణం లేక పక్కన పెట్టేశాను. లోపలి కాగితంలో గుండెపోటు, క్యాన్సర్ అని ఉంటే భయం కూడా వేసింది.
— పాఠకురాలు, పుత్తూరు

జవాబు: ఈ ఈస్ట్రోజెన్ క్రీము మంచిదే, రాసిన చోటు సరికాదు, వాడిన రోజులు చాలవు. ఈస్ట్రోజెన్ తగ్గాక యోని పొర పలచబడి, అక్కడి ఆమ్లగుణం పోతుంది. కాపు కాసే మంచి బ్యాక్టీరియా తగ్గి, పేగుల్లో ఉండే క్రిములు మూత్రనాళం దాకా వచ్చేస్తాయి. యాంటీబయాటిక్ ఆ పూటకు వాటిని చంపుతుందే గానీ పొరను బాగుచేయదు.

ట్యూబు మూత తీసి అప్లికేటర్ బిగించండి. గీత దాకా క్రీము నింపండి, అది అర గ్రాము. పడుకుని మోకాళ్లు మడిచి, అప్లికేటర్‌ను లోపలికి మెల్లగా పోనిచ్చి ప్లంజర్ నొక్కండి. రాత్రి పడుకునే ముందు వాడితే క్రీము కారిపోదు. మొదటి రెండు మూడు వారాలు రోజూ, తర్వాత వారానికి రెండుసార్లు. అప్లికేటర్‌ను గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడగండి. మరిగే నీళ్లలో వేస్తే వంకర పోతుంది. అది గుచ్చుకుంటుందనిపిస్తే వేరుశనగ గింజంత క్రీము వేలి కొసకు తీసుకుని లోపలి గోడలకు, మూత్రం వచ్చే చోటికి రాసినా సరే. మొదటి రోజుల్లో కాస్త మండుతుంది, పొర పలచగా ఉండటం వల్లే ఆ మంట. మూత్రం ఇన్‌ఫెక్షన్లు తగ్గాయో లేదో మూడు నెలలకు గానీ తేలదు.

కాగితంలోని హెచ్చరికలు మింగే ఈస్ట్రోజెన్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఈ మోతాదు క్రీము నుంచి రక్తంలోకి చేరేది బహు కొంచెం, దీనికి ప్రొజెస్టిరాన్ తోడు అక్కర్లేదు. రొమ్ము క్యాన్సర్‌కు లెట్రోజోల్ లాంటి మాత్రలు వాడుతున్నవాళ్లు మాత్రం క్యాన్సర్ డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. ముట్లాగాక ఒక్క చుక్క రక్తం కనిపించినా, క్రీము వాడుతున్నా వాడకపోయినా, స్కానింగ్ చేయించుకోండి.

ప్రశ్న: తిరుమల దర్శనం టికెట్లు ముందే తీసుకున్నాం. సరిగ్గా ఆ రోజుకే నెలసరి పడుతోంది. మెడికల్ షాపులో నారెథిస్టిరాన్ 5 మి.గ్రా. ఇచ్చి, ముందు రోజు నుంచి రోజుకొకటి వేసుకోమన్నారు. నాకు తలనొప్పి వచ్చే ముందు కళ్ల ముందు మెరుపులు కనిపిస్తాయి. ఫరవాలేదా?
— పాఠకురాలు, చిత్తూరు

జవాబు: మీరు వేసుకోవద్దు. స్ట్రిప్పు మీద ఈస్ట్రోజెన్ అని ఉండదు గానీ, నారెథిస్టిరాన్‌లో కొంత భాగం ఒంట్లోకి వెళ్లాక ఇథినైల్ ఎస్ట్రాడయోల్ అనే ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. రోజుకు మూడు మాత్రలు వేసుకుంటే గర్భనిరోధక మాత్రలో ఉండేంత, అంటే 20 నుంచి 30 మైక్రోగ్రాముల దాకా తయారవుతుంది. మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్లకు ఈస్ట్రోజెన్ పక్షవాతం ముప్పును పెంచుతుంది. ఇదివరకు రక్తం గడ్డకట్టినవాళ్లకూ ఈ మాత్ర పనికిరాదు. డాక్టరును కలిస్తే, ఇలా ఈస్ట్రోజెన్‌గా మారని మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ మీకు సరిపడుతుందేమో చూసి రాస్తారు.

షాపులో చెప్పిన పద్ధతి ఈ ఇబ్బందులేవీ లేనివాళ్లకూ పనిచేయదు. నెలసరి తేదీకి మూడు రోజుల ముందు మొదలుపెట్టి రోజుకు మూడుసార్లు, ఒక్క పూట కూడా తప్పకుండా వేసుకోవాలి. చుక్క కనిపించాక మొదలుపెడితే ఆగదు. మానేసిన రెండు మూడు రోజులకు బహిష్టు వస్తుంది. ఈ మాత్ర గర్భం రాకుండా కాపాడదు. నెలసరి తేదీలు తప్పుతూ ఉంటే ముందు గర్భ పరీక్ష చేసుకోవాలి. మాలా-ఎన్ అనే గర్భనిరోధక మాత్ర వాడుతున్నవాళ్లకు అసలు వేరే మాత్రే అక్కర్లేదు. చివరి ఏడు ఇనుము మాత్రలు వదిలేసి, మరుసటి రోజే కొత్త ప్యాకెట్ మొదలుపెడితే చాలు.

అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కితే రెండు పిక్కలూ నొప్పెడతాయి, రెండు మూడు రోజుల్లో తగ్గిపోతాయి. ఈ మాత్రలు వేసుకున్న మనిషికి ఒక్క కాలే వాచి, ముట్టుకుంటే వేడిగా ఉంటే అది రక్తం గడ్డకట్టడం కావచ్చు, మెట్ల నొప్పి అనుకుని నూనె రాసి మర్దన చేయకండి. ఆయాసం గానీ ఛాతీ నొప్పి గానీ తోడైతే ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: మా పాపకు మూడు నెలలు, నా పాలే పడుతున్నాను. మాలా-ఎన్ అడిగితే ఆశా అక్క 'ఛాయ' ఇచ్చింది. ఎందుకని?
— పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: సరైనదే ఇచ్చింది. మాలా-ఎన్‌లో ఈస్ట్రోజెన్ ఉంది, అది పాలు తగ్గించవచ్చు. అందుకే పాలిచ్చే తల్లులకు ఆరు నెలల దాకా ఇవ్వరు. ఛాయ లక్నోలోని ప్రభుత్వ పరిశోధనశాలలో కనిపెట్టిన మాత్ర, హార్మోను కాదు. గర్భసంచి దగ్గర ఈస్ట్రోజెన్ పనిని అడ్డుకుంటుంది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఉదాహరణకు ఆదివారం, బుధవారం. నాలుగో నెల నుంచి ఆదివారం మాత్రమే. ఈ మాత్రతో నెలసరి ఆలస్యం కావడం మామూలే, అయితే 15 రోజులు దాటితే గర్భ పరీక్ష చేసుకోండి. మాత్ర మరిచి ఏడు రోజులు దాటితే మళ్లీ మొదటి నుంచి, వారానికి రెండు చొప్పున మూడు నెలలు వేసుకోవాలి. ఇటీవల కామెర్లు వచ్చినవాళ్లు, అండాశయాల్లో నీటిబుడగలున్నవాళ్లు దీన్ని వాడకూడదు.